జీవితచరిత్రకు సాక్ష్యం: మా ప్రణాళిక

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పటి నుంచీ మన కవులు, నటులు, ఉద్యమకారులు, గాయకులు, శాస్త్రవేత్తలు వేల సంఖ్యలో అందులోకి చేరారు. వ్యాసాల లెక్క పెంచుకునే దశ దాటింది. ఉన్న జీవితచరిత్రల్లో ప్రతి మాటకూ ఆధారం చూపే పనికి మేం పూనుకుంటున్నాం. మాలో వికీ వాడుకరులున్నారు, గ్రంథాలయాల్లో పాత సంచికలు తిరగేసేవాళ్లున్నారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు. చదువుతున్న మీరూ మాతో నడుస్తారన్న ఆశతోనే మా నమ్మకాలను ఇక్కడ ప్రకటిస్తున్నాం.

1. ఒక మనిషికి మనం ఇవ్వగల గొప్ప గౌరవం సాక్ష్యం. “బహుముఖ ప్రజ్ఞాశాలి”, “అంచెలంచెలుగా ఎదిగిన”, “తీరని లోటు” లాంటి మాటలు ఎవరి పేరు కింద పెట్టినా ఇమిడిపోతాయి, అందుకే ఎవరి గురించీ ఏమీ చెప్పవు. ఏ బడిలో చదివారు, తొలి కథ ఏ పత్రికలో ఏ నెలలో అచ్చయింది, ఏ ఉద్యోగం ఎందుకు వదిలేశారు అన్నవి ఆ ఒక్కరికే చెందిన సంగతులు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. వాదం పెట్టుకోలేదు, 354 మంది కవులను అచ్చులో నిలబెట్టారు. మాకు అంతకు మించిన వారసత్వం అక్కర్లేదు.

2. అంకెలన్నిటికీ పుట్టిల్లు తెలియాలి. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు చేసిన దీక్ష ఎన్ని రోజులు? ఒకచోట 56 అని, మరోచోట 58 అని రాసి ఉంటుంది. మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట 1952 అక్టోబరు 19న దీక్ష మొదలైంది. డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58. వేళ్ల మీద తేలే లెక్కే. అయినా పని అంతటితో ముగిసిందని మేం అనుకోం. ఆ రెండు తేదీలకూ ఆనాటి దినపత్రికను, సంచిక తేదీతో పేజీ సంఖ్యతో సహా, మూలంగా చూపాలి. 56 అన్న అంకె ఏ పుస్తకం నుంచి వచ్చిందో అదీ చెప్పి, రెండింటినీ పాఠకుడి ముందుంచాలి. ఒక రాష్ట్రం ఏర్పాటుకు దారి తీసిన మరణం విషయంలోనే ఇంత ఏమరుపాటు ఉంటే, ఊరూరూ తిరిగి హరికథలు చెప్పిన ఒక కళాకారిణి పుట్టిన ఏడాదిని ఎవరు పట్టించుకుంటారు? మేం పట్టించుకుంటాం.

3. ఒకదాన్ని చూసి ఒకటి రాసిన రెండు మూలాలు ఒక్క మూలంతో సమానం. 2009 మార్చిలో ఫ్రెంచి స్వరకర్త మారిస్ జార్ మరణించినప్పుడు డబ్లిన్ విద్యార్థి ఒకరు ఆయన అన్నట్టుగా ఓ వాక్యం కల్పించి ఇంగ్లిషు వికీపీడియాలో పెట్టాడు. మూలం లేదంటూ అక్కడి వాడుకరులు దాన్ని తీసేశారు. ఈలోగా పేరున్న పత్రికలు తమ నివాళుల్లో ఆ వాక్యాన్ని అచ్చువేసేశాయి. జీతం లేని కాపలాదారు మెలకువగా ఉన్నాడు, జీతం తీసుకునేవాడే కునికాడు! మన దగ్గరా ఇదే తంతు. వికీ చూసి రాసిన జయంతి వ్యాసం పత్రికలో వస్తుంది, మరుసటి వారం అదే వ్యాసం వికీలో మూలమై కూర్చుంటుంది. గానుగెద్దులా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. కాబట్టి మా నియమం ఇది: అనుమానం వచ్చిన వాక్యం వ్యాసంలోకి ఏ రోజు చేరిందో మార్పుల చరిత్రలో చూస్తాం. మూలంగా చూపిన కథనం ఆ తేదీకి తర్వాతదైతే, అంతకంటే పాతది దొరికేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోం.

4. బతికున్నవారి విషయంలో ఉపేక్ష లేదు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్న పచ్చి అబద్ధం 2005లో ఆయన పేజీలో దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఆధారం లేని నింద కనిపిస్తే ముందు తీసేస్తాం, చర్చ తర్వాత. ఆధారం లేని పొగడ్తకూ మినహాయింపు ఏమీ ఉండదు.

5. మన మూలాల్లో ఎక్కువ భాగం ఇంకా గ్రంథాలయాల అరల్లోనే ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మా కార్యక్షేత్రాలు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి వంటి పాత పత్రికల సంచికలెన్నో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ చలవతో కంప్యూటర్ తెర మీదికి వచ్చాయి. కానీ అవి పేజీల బొమ్మలు. పేరు టైపు చేస్తే దొరకవు, కళ్లతో చదవాల్సిందే. స్త్రీల జీవితాల కోసం మరింత ఓపిగ్గా చదవాలి. చాలామంది ఫలానావారి భార్యగా, ఫలానావారి కూతురుగా మాత్రమే అచ్చులో కనిపిస్తారు. ఆ లోటు తీర్చడానికి భండారు అచ్చమాంబ వందేళ్లకు ముందే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. ఇక ఇప్పటి పత్రికల వెబ్ లింకులంటారా, వాటి ఆయుష్షు మీద ఎవరికీ భరోసా లేదు. లింకు ఇచ్చిన రోజే వేబ్యాక్ మెషీన్‌లో దాని ప్రతి భద్రపరుస్తాం.

6. అడగడం మర్యాదగా ఉండాలి. తాతగారి గురించి ప్రేమతో రాసిన మనవరాలి వ్యాసాన్ని ఒక్క నొక్కుతో చెరిపేస్తే ఆమె మళ్లీ ఇటు రాదు. ఇంట్లో దాచిన పత్రిక కత్తిరింపు ఏదైనా ఉందా, దాని మీద పత్రిక పేరూ తేదీ కనిపిస్తున్నాయా అని చర్చ పేజీలో అడుగుదాం. మూలాలు చాలా ఇళ్ల బీరువాల్లో కూడా ఉన్నాయని మా అనుమానం.

మేం కోరుకునే రేపు ఇదీ. తెలుగువారి జీవితం గురించి ఏ భాషలో పరిశోధించేవారైనా ముందుగా తెలుగు వికీపీడియా వ్యాసం అడుగున ఉన్న మూలాల జాబితా తెరుస్తారు. పత్రికా విలేఖరి అందులోని వాక్యాన్ని కాక, అది చూపించే మూలాన్ని చదువుతాడు. వికీ పాఠాన్ని చదివి జవాబులు చెప్పే యంత్రాలకు కూడా మన పెద్దల గురించి నిగ్గు తేల్చిన సంగతులే అందుతాయి. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, అది అసంపూర్తిగా ఉండగానే 1923లో వెళ్లిపోయారు. ఒక్కరి ఆయుష్షు చాలని పని అది. మనం ఒక్కరం కాదు.

ఈ వారం మీ ఊరివారి జీవితచరిత్ర ఒకటి తెరవండి. మూలం లేని వాక్యం ఒక్కటి ఎంచుకుని దాని ఆధారం వెతకండి. దొరికితే పేజీ సంఖ్యతో సహా చేర్చండి. దొరకకపోతే ఎక్కడెక్కడ వెతికారో చర్చ పేజీలో రాసి సంతకం పెట్టండి. అక్కడి నుంచి మేం అందుకుంటాం.