గొంతులో సీతాకోకచిలుక

కంఠమణికి కాస్త దిగువగా రెండు వేళ్లు ఆనించి గుటక వెయ్యండి. లోపల ఏదో పైకి పోయి కిందికి వచ్చినట్టుంటుంది. అక్కడే, ఊపిరిగొట్టాన్ని అంటిపెట్టుకుని, రెక్కలు చాచిన సీతాకోకచిలుకలాగా ఒక గ్రంథి వున్నది. దాని పేరు థైరాయిడ్. పెద్దవాళ్లలో కూడా దాని బరువు సుమారు 20 గ్రాములే.

కాని అందులో తయారయే రసం తగ్గిందా, మనిషి మందగిస్తాడు. ఎవరికీ లేని చలి తనకు వేస్తుంది, ఎంత నిద్రపోయినా నిద్ర తీరదు. పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. క్లాసులో కునికిపాట్లు పడేవాణ్ణి మనం సోమరి అంటాం. పాపం, వాడి తప్పేమీ లేకపోవచ్చు! డాక్టరు రక్తం పరీక్ష చేయించి, తగ్గిన రసాన్ని మాత్రగా యిస్తే మళ్లీ చురుకవుతాడు.

ఈ జబ్బు మగవారికన్న ఆడవారికి ఎక్కువ. అమ్మకో అమ్మమ్మకో వుంటే పిల్లలకూ రావచ్చు. ఒంటిని కాపాడవలసిన రక్షకశక్తి పొరపాటున యీ గ్రంథిమీదే విరుచుకుపడటం కద్దు. కొందరికి పుట్టుకతోనే వుంటుంది. అన్నిటికన్న విచిత్రమైన కారణం మాత్రం నేలలో వున్నది.

థైరాయిడ్ రసానికి అయోడిన్ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. అంటే, ఒక్క గ్రాము ఒక మనిషికి 18 ఏళ్లు వస్తుందన్నమాట! హిమాలయాల దగ్గర వానలూ, మంచునీళ్లూ నేలలోని అయోడిన్‌ను వేల ఏళ్లుగా కడిగి సముద్రంలో కలిపేశాయి. అక్కడి పంటలో అది లేదు, తినేవారికీ లేదు. చాలీచాలని అయోడిన్‌తో పని చెయ్యబోయి గ్రంథి వుబ్బుతుంది. అదే గళగండం. కడుపుతో వున్న తల్లికి అయోడిన్ బొత్తిగా కరువైతే, పుట్టే బిడ్డకు చెవుడూ, బుద్ధిమాంద్యమూ రావచ్చు.

1956లో డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన తోటివారూ కాంగ్రా లోయలో ఒక పరీక్ష ప్రారంభించారు. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువాడు. లోయను మూడు భాగాలు చేసి, రెండిటికి అయోడిన్ కలిపిన వుప్పు, మూడోదానికి మామూలు వుప్పు యిప్పించారు. కొన్నేళ్లకు చూస్తే ఆ రెండు చోట్లా గళగండం బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. తరవాత అక్కడివారికీ ఆ వుప్పే యిచ్చారు. 1962లో గళగండాన్ని అరికట్టే పథకం దేశంలో మొదలయింది.

“సముద్రపు వుప్పులో అయోడిన్ వుండదా?” అని మీరు అడగవచ్చు. నీళ్లు ఎండి వుప్పు కట్టేసరికి మిగిలేది బహు స్వల్పం. అందుకే విడిగా కలుపుతారు. తేమ తగిలితే అదీ తగ్గిపోతుంది. మీ వంటింట్లో వుప్పు జాడీకి మూత వున్నదో లేదో ఒకసారి చూసి రండి.