ఒక్క మైకు చాలు

నల్లజర్లలో బస్సెక్కి తాడేపల్లిగూడెంలో దిగేలోపు ఈ మధ్య నేను వింటున్నది బ్లూగ్రాస్. అమెరికా కొండ పల్లెల్లోంచి వచ్చిన తీగ వాద్యాల సంగీతం. బిల్లీ స్ట్రింగ్స్ 2024లో తెచ్చిన ‘హైవే ప్రేయర్స్’, గ్రామీ అందుకున్న మోలీ టటుల్ ఆల్బమ్ ‘క్రూకెడ్ ట్రీ’. కిటికీ అవతల పామాయిల్ తోటలు, చెవిలో బాంజో. (మనం బెంజో అనేది వేరు. మనది టైపు మిషను మీటల్లాంటివి నొక్కి వాయించేది.) ఈ వయసులో మీకిదేం పిచ్చండీ అంటుంది మా ఆవిడ.

పాత పద్ధతి బ్లూగ్రాస్‌లో డ్రమ్ములుండవు. ఆ పని మాండలిన్ చేస్తుంది. కుడిచేత్తో తీగల్ని ఒక్క దెబ్బ కొట్టి, వెంటనే ఎడమచేతి వేళ్లు సడలిస్తే మోత పుట్టినచోటే తెగి ‘చక్’మంటుంది. మన భజనలో చిడతలన్నమాట. ఈ సంగీతానికి మూలపురుషుడు బిల్ మన్రో మాండలిన్ వాద్యగాడే. ఆయన బృందం ఒకే మైకు చుట్టూ మూగి వాయించేది. ఎవరి వంతు వస్తే వాళ్లు ఒకడుగు ముందుకు, అయిపోగానే వెనక్కి. ఎవరిని ఎంత గట్టిగా వినిపించాలో కాళ్లే తేల్చేవి. ఇప్పటికీ అలా రికార్డు చేసేవాళ్లున్నారు.

మాండలిన్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది మన్రో కాదు, పాలకొల్లు శ్రీనివాస్. 1969లో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది వాయించేవాడు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జంట తీగని లాగి గమకం పలికించడం కష్టం, పైగా నాదం నిలవదు. అందుకే శ్రీనివాస్ కరెంటు మాండలిన్ పట్టి, ఒంటి తీగలు అయిదు చేసుకున్నాడు. 2014లో, నలభై అయిదేళ్లకే పోయాడు.

కాబట్టి కరెంటు ఉంటే సంగీతం కల్తీ అనే వాదన నాకు పట్టదు. ఆ తీగ మీద ఆయన వేలు కదలడం మనకి వినిపిస్తుంది. నా పేచీ వేలే లేని తీగతో. ఈ మధ్య వస్తున్న మన భక్తి పాటల్లో, జానపదాల్లో వినిపించే వీణ చాలావాటిల్లో కీబోర్డు వీణ. మన నూజివీడులో పనస చెక్కని తొలిచి వీణలు చేసేవాళ్లుండగా! మెట్టు మీద వేలు జారినప్పుడు వచ్చే చిన్న గీరుడు ఆ మీటల్లో ఎక్కడుంది? వేలు వినపడ్డ పాటలూ లేకపోలేదు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాటని కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతుతో, కిన్నెరతో ఎత్తుకున్నారు. ఆయనకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. పన్నెండు మెట్ల కిన్నెర ఒక్కటే మోగే ఆల్బమ్ ఒకటి దగ్గర కూర్చుని రికార్డు చేసి ఇస్తే ఆ పాట మొదలుని అరిగేదాకా వినే నాలాంటివాళ్లు కొనరా?

నిరుడు మా వీధి భజన బృందం ఒక స్టూడియోకి వెళ్లి సీడీ చేయించుకుంది. తంబురా పెద్దాయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. శ్రుతి మిషన్లో ఉంది తాతగారూ, మీరు రెస్టు తీసుకోండి అన్నాట్ట కుర్రాడు. సీడీ శుభ్రంగానే ఉంది. ఆయన మాత్రం ఇంతవరకూ వినలేదు.

మొన్న ఏకాదశినాడు, భజన మొదలుకాకముందే, ఆయన ముందు పీట వేసి నా ఫోను పెట్టాను. పది నిమిషాలు ఒట్టి తంబురా. హైవే మీద లారీ హారన్ కూడా పడింది. తిరిగి వినిపిస్తే ఫోను చెవికానించుకుని కళ్లు మూసుకున్నాడు. బాగుందనలేదు.

‘‘రెండో తీగ దిగిందిరా అబ్బాయ్. ఇన్నాళ్లూ నా చెవికి తెలీలేదు,’’ అని తంబురా ఒళ్లోకి తీసుకుని బిరడా తిప్పడం మొదలెట్టాడు.