నొప్పి చూపించమంటారు

మా త్రిపురాంతకంలో కొండ మీద ఒక దేవుడు, చెరువులో ఒక అమ్మవారు. శ్రీశైలానికి తూర్పు వాకిలంటారు మా ఊరిని. మా మాదిగపల్లెకు మాత్రం ఒక బోరింగు. ఆ నీళ్లే నా ఎముకల్లో ఉన్నాయి.

చిన్నప్పుడే పళ్లకు గార పట్టింది. అది అందరికీ కనపడింది, అందరూ నవ్వారు. ఇరవై ఏళ్లకు మెడ బిగిసింది, నడుం వంగనంది. అది ఎవరికీ కనపడలేదు. మా అమ్మ మిరపకాయ కోతలకు పోయొచ్చి గోడ పట్టుకుని కూర్చునేది, గోడ పట్టుకుని లేచేది. కలిగినోళ్లు క్యాన్ నీళ్లు కొనుక్కున్నారు. మేం బోరింగే కొట్టుకున్నాం.

ఈ జబ్బు నిన్నామొన్నటిదా? అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల వెన్నులు బిగుసుకుపోయేది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని 1937లోనే డాక్టర్లు రాశారు. అక్కడి కనిగిరి, పొదిలి, దర్శి వైపునూ, కర్నూలు నుంచి మా మార్కాపురం, గిద్దలూరులనూ కలుపుకునే 1970లో ప్రకాశం జిల్లా అయింది. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు రాయి వేశారు. నేను ఆ రాయి ఈడువాణ్ణి. 2018లో నేను యూనివర్సిటీ మెట్లెక్కేనాటికి కూడా ఆ నీళ్లు రాలేదు.

హాస్టల్లో మూడో అంతస్తు ఇచ్చారు. కింద గది ఇప్పించమని ఆఫీసుకు పోయాను.

"గుండ్రాయిలా ఉన్నావు, ఏం రోగమయ్యా నీకు?"

"నడుం సార్. ఫ్లోరైడ్ నీళ్లు."

"ఎస్సీ సర్టిఫికెట్ ఉందిగా. పీహెచ్ కూడా కావాలా?"

చుట్టూ ఉన్నోళ్లు నవ్వారు.

అయ్యలారా, నా కులం నా ముఖాన రాసిలేదు. ఇంటిపేరడిగి, ఊళ్లో ఏ వైపు ఇల్లని అడిగి, ర్యాంకు అడిగి ఒక్క పూటలో పట్టేశారు. కనపడని కులాన్ని అంత బాగా పట్టే కళ్లకు, మూడు గంటల పరీక్షలో నేను ఎన్నిసార్లు నడుం పట్టుకున్నానో కనపడలేదా? ఒకసారి లేచి నిలబడితే కాపీ కొడుతున్నానన్నారు.

2016 చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తెచ్చింది. 40 శాతం తేలితే పై చదువుల్లో 5 శాతం సీట్లలో పోటీపడొచ్చు. ఆ 21లో ఫ్లోరోసిస్ పేరు లేదు. కదలికల వైకల్యం కింద కొలిపించుకోవాలి. పొద్దున లేవలేని బాధను ఏ బద్ద పెట్టి కొలుస్తారు? సరే, 40 రాలేదనుకోండి, సాయమే చెయ్యకూడదా? రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం లేకపోయినా రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సీటు వేరు, సాయం వేరు. నేనడిగింది సీటు కాదు. కింద గది, వీపున్న కుర్చీ, పరీక్షలో ఐదు నిమిషాలు నిలబడే వీలు.

మన సంఘాలనూ అడుగుతున్నా. మీటింగులో నాలుగు గంటలు నేల మీద కూర్చోబెట్టి, నేను గోడకు ఆనుకుంటే "ఒళ్లు దాచుకుంటే పోరాటం ఎట్లా తమ్ముడూ" అన్నది మన అన్నలే. నా పక్క గది కుర్రోడు మూర్ఛ మాత్రలు దిండు కవర్లో దాచుకునేవాడు. మనకు కూడా తెలియకూడదనే దాచుకున్నాడు. అది తెలిసిననాడు నాకు ఆఫీసు మీద కన్నా మన మీదే ఎక్కువ కోపమొచ్చింది.

రెండేళ్లూ ఆ మూడో అంతస్తు ఎక్కాను. ఇది కూడా నిలబడే రాస్తున్నాను, కిటికీ గూట్లో కాగితాలు పెట్టుకుని.