టీ పెట్టేది మనం... పొడి ఎంచేదెవరు?

తెల్లవారి ఐదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా మన పొయ్యి మీద టీ గిన్నె ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో లెక్క పెట్టిన ఇల్లాలు ఉందా? అత్తమ్మకు అల్లం వేసింది, మామయ్యకు చక్కెర లేనిది, ఆయనకు బాగా మరిగింది, పిల్లలకు పాలెక్కువది. ఇక వచ్చిపోయే చుట్టాల సంగతి చెప్పనక్కర్లేదు. ఇందరి రుచులూ మనకు కంఠతా వచ్చు. కానీ "మరి నీకెట్లాంటి చాయ్ ఇష్టం?" అని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లబోతాం. "నాదేముంది, అందరికీ పోయగా మిగిలింది తాగుతా" అంటాం. ఆ మిగిలింది కూడా చల్లారితే మళ్ళీ కాచుకుని!

మా దామరచర్ల నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద ఉంది. లారీలు ఆగినచోటల్లా ఒక చాయ్ బండి. ఇటు మిర్యాలగూడలో రైసుమిల్లుల దగ్గర, అటు సూర్యాపేట, కోదాడల్లో హైదరాబాదు-విజయవాడ రహదారి పొడుగునా ఇదే వరస. ఆ బల్లల మీద కూర్చుని, సగం తాగి గ్లాసు పక్కనపెట్టి, "ఇవాళ చాయ్ జమాయించలేదురా" అని తీర్పు చెప్పేది మగవాళ్ళే. నచ్చకపోతే రేపు ఇంకో బండి దగ్గరికి పోతారు. మనకు ఆ వీలు లేదు. ఇంట్లో ఏ పొడి ఉంటే అదే మన రుచి. ఆ పొడి కూడా ఎవరో తెచ్చిందే.

కిరాణా కొట్లో లూజు చాపత్తా అడిగి చూడండి. సేటు గర్వంగా చెప్పే మాట ఒక్కటే: "కలర్ మస్తుగ వస్తది అక్కా!" రుచి సంగతి ఆయన చెప్పడు, మనం అడగం. చీర కొనేటప్పుడు ఇరవై మడతలు విప్పించి, రంగు పోతుందా అని కొంగు తడిపి చూసే మనం, రోజుకు నాలుగుసార్లు కడుపులోకి పోయేదాన్ని మాత్రం పొట్లం కట్టించుకుని వచ్చేస్తాం.

అసలు ఆ బస్తాలో ఉన్నదేమిటి? టీ చెట్టు ఒక్కటే. తయారీని బట్టి, సైజును బట్టి రకాలు. ఆకును వాడబెట్టి, చుట్టి, పులియనిచ్చి ఆరబెట్టేది పాత పద్ధతి. దాన్ని 'ఆర్థొడాక్స్' అంటారు. నల్లగా, సన్నగా మెలి తిరిగిన ఆకు కంటికి కనిపిస్తుంది. రెండోది యంత్రంలో నలిపి, చీల్చి, ఉండ చుట్టేది. 'సీటీసీ' అంటారు. ఆ యంత్రం 1930లో అస్సాంలో పుట్టింది. ఆవగింజల్లా గుండ్రంగా ఉండే పొడి ఇదే. త్వరగా దిగుతుంది, పాలకు తట్టుకుంటుంది, తక్కువ పొడితో ఎక్కువ కప్పులవుతాయి. జల్లెడ పట్టగా అన్నిటికంటే సన్నగా కిందికి దిగేది డస్టు. డస్టంటే చెత్త అని కాదు, అదొక సైజు మాత్రమే. మంచి తోట డస్టు మంచిగానే ఉంటుంది. మన దక్షిణాదిలో దానికే గిరాకీ ఎక్కువ. కాబట్టి మన ఊళ్ళ కొట్లలో దొరికేది ఎక్కువగా అదే. అదే టీ అనుకుని మనమూ ఉండిపోయాం.

మా వాడకట్టు ఆడవాళ్ళం నలుగురం కలిసి ఒక పని చేశాం. హైదరాబాదు పోయినవాళ్ళతో, ఊటీ యాత్రకు పోయినవాళ్ళతో తలా ఒక రకం చొప్పున తెప్పించాం. ఏదీ నూరు గ్రాములకు మించకుండా. నాలుగు భాగాలు చేసి పంచుకున్నాం. ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఒకే సైజు గ్లాసులు పెట్టి, ఒక్కోదాంట్లో చెంచాడు పొడి, ఒకే కొలత మరిగిన నీళ్ళు, మూడు నిమిషాలు మూత. ముందు పాలు లేకుండా, చక్కెర లేకుండా ఒక్కో గుక్క. తర్వాత పాలు కలిపి. ఎదురింటి వదిన మొదటి గుక్కకే మొహం చిట్లించింది గానీ, మూడో గ్లాసు దగ్గర ఆగిపోయింది. "ఇదేందమ్మా, పూల వాసనొస్తుంది!" అంది. అది నీలగిరి ఆకు. ఇరవై ఐదేళ్ళుగా టీ కాస్తున్న మనిషి, టీకి తనదైన వాసన ఉంటుందని ఆరోజు చూసింది.

ఆ మధ్యాహ్నం తేలినవి చెబుతాను. అస్సాం పొడి ముదురు రంగు, బరువైన రుచి. పాలు, అల్లం, యాలకులు వేసినా తన రుచి పోగొట్టుకోదు. పొద్దుటి చాయ్‌కి అదే సరి. నీలగిరి తేలిక, సువాసన ఎక్కువ. పాలు కొంచెం పోసినా సరే, నిమ్మరసం పిండినా సరే. డార్జిలింగ్ మాత్రం పాలల్లో మరిగిస్తే డబ్బు దండగ. నీళ్ళు దించి, ఆకు వేసి, మూడు నిమిషాలు మూత పెట్టి వడకట్టుకోవాలి. నాకు పొద్దున అస్సాం గింజ, పిల్లలు బడికి పోయాక నీలగిరి ఆకు కుదిరాయి. మీకు ఇంకేదో కుదరవచ్చు. రెండు రకాలు సగం సగం కలిపితేనే నచ్చవచ్చు. మా వదిన ఇప్పుడు అట్లాగే కలుపుకుంటోంది.

ఎక్కడ దొరుకుతాయంటారా? మొదట మీ ఊరి కిరాణాలోనే అడగండి. బస్తా ఎప్పుడు విప్పారు, అస్సాందా, నీలగిరిదా అని. జవాబు చెప్పగలిగిన కొట్టు మంచి కొట్టు. టీపొడి పక్కనున్న వాసననల్లా పీల్చుకుంటుంది. కాబట్టి సబ్బులు, అగరొత్తుల పక్కన నోరు తెరిచి ఉన్న బస్తాలోది వద్దు. హైదరాబాదు పోతే టీపొడి ఒక్కటే అమ్మే దుకాణాలున్నాయి, బేగంబజారులో టోకు కొట్లున్నాయి. చేతిలో పోసి చూపిస్తారు, కావలసినట్లు కలిపిస్తారు. ఊటీ, కూనూరు వెళ్ళేవాళ్ళుంటే తమిళనాడు ప్రభుత్వ సంస్థ 'టాన్‌టీ' దుకాణం చూడమనండి. శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తోట కూలీల బతుకుతెరువు కోసం 1968లో ఆ ప్రభుత్వం వేసిన తోటల పొడి అది. డార్జిలింగ్ ఆకును ఈ రోజుల్లో ఫోనులోనే తెప్పించుకోవచ్చు. పొట్లం మీద టీ బోర్డు వారి డార్జిలింగ్ గుర్తు చూసి కొనండి. రెండాకులు, ఒక మొగ్గ పట్టుకున్న స్త్రీ ముఖం ఉంటుంది. మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొట్టమొదటి సరుకు ఆ టీయే, 2004లో.

ఇక 'కలర్ మస్తుగ వస్తది' అన్న మాటలోని ప్రమాదం. వాడేసిన పిప్పిని ఎండబెట్టి, రంగు పూసి, మంచి పొడిలో కలిపే మోసం ఉంది. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. వడపోత కాగితం మీద కొంచెం పొడి పరిచి నీళ్ళు చిలకరించండి. కాసేపాగి పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పెట్టి చూడండి. మరకలు నిలిచిపోతే రంగు కలిసిందన్నమాట. ఇనుప రజను కలిసిందేమో అయస్కాంతం చెబుతుంది. గట్టి అనుమానం ఉంటే 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద, ఫీజు కట్టి, కొన్న సరుకును ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు మనకుంది. కొనేటప్పుడే ఆ సంగతి దుకాణదారుకు చెప్పాలి. ఆ హక్కు ఉందని తెలిసిన గిరాకీని సేటు కూడా కొంచెం జాగ్రత్తగానే చూస్తాడు.

రుచి గురించి ఇంత చెప్పి ఆరోగ్యం మాట దాటేయలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. అన్నం తినగానే టీ తాగితే, అందులోని టానిన్లు తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. తోటకూర తిని వెంటనే టీ తాగితే ఏం లాభం? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ సంస్థ 1918లో పుట్టింది టీతోటల కూనూరులోనే. హైదరాబాదుకు వచ్చింది 1958లో. ఆకలి చంపుకోవడానికి టీ తాగి, తిండి వాయిదా వేసే అలవాటు మనలో ఎందరికో ఉంది. మంచి పొడి కొనమనడం ఎక్కువ టీ తాగడానికి కాదు, తక్కువ తాగినా తృప్తిగా తాగడానికి.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట" అని ఒకామె అంది నాతో. లెక్క వేద్దాం. కిలో 1200 రూపాయల పొడే అనుకోండి. కప్పుకు 2 గ్రాములు. కిలోకు 500 కప్పులు. కప్పుకు రెండు రూపాయల నలభై పైసలు. మనకోసం విడిగా పెట్టుకునే వంద గ్రాముల డబ్బాకు నూటఇరవై. రోజుకో కప్పు చొప్పున యాభై రోజులు వస్తుంది. బయట బండి దగ్గర చాయ్ తాగే మగవాళ్ళను ఎవరూ ఈ లెక్క అడగరు. మనమే మనల్ని అడుక్కుంటాం.

టీతోటల్లో ఆకు కోసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. తెల్లదొరల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి అస్సాం తోటలకు కూలీలుగా పోయిన తెలుగువాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడుంది. కొండ మీద కోసేదీ ఆడదే, ఇంట్లో కాచేదీ ఆడదే. మధ్యలో ఎంచుకునే పని మాత్రం మనం ఎవరికో వదిలేశాం. ఈసారి సరుకుల చీటీ రాసేటప్పుడు 'టీపొడి' అని ఊరుకోకండి. ఏ పొడో రాయండి. మీకోసం చిన్న స్టీలు డబ్బా ఒకటి తీసి, మసాలా డబ్బాలకు దూరంగా, గట్టి మూతతో పెట్టుకోండి. రోజుకొక కప్పు, మిగిలింది కాకుండా, మీరే ఎంచుకున్నది, వేడిగా ఉండగానే, కూర్చుని తాగండి.