127 ఏళ్లు బతికింది సరే.. కాగితం ఏది? మెక్సికో బామ్మ వయసు చుట్టూ తేలని లెక్క

మెక్సికోకు చెందిన లియాండ్రా బెసెర్రా లుంబ్రేరాస్ 2015 మార్చి 19న కన్నుమూశారు. ఇంట్లోవాళ్లు చెప్పిన ప్రకారం ఆమె పుట్టింది 1887 ఆగస్టు 31న. అంటే 127 ఏళ్లు దాటేశారన్నమాట. అధికారిక ప్రపంచ రికార్డేమో ఫ్రాన్స్‌ బామ్మ జీన్ కాల్‌మెంట్‌ది.. 122 ఏళ్ల 164 రోజులు. ఆ రికార్డు ఎప్పుడో బద్దలవ్వాలి. కానీ కాలేదు. కారణం ఒక్కటే, లియాండ్రా దగ్గర బర్త్ సర్టిఫికెట్ లేదు. సుమారు 40 ఏళ్ల కిందట ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయిందట!

వివరాల్లోకి వెళ్తే.. హలిస్కో రాష్ట్రంలోని సపోపాన్‌లో ఆమె చివరి రోజులు గడిచాయి. బట్టలు కుట్టి బతికిన మనిషి. 1910లో మొదలైన మెక్సికో విప్లవంలో భర్తల వెంట యుద్ధానికి వెళ్లిన 'అదెలీతా'ల్లో ఆమె కూడా ఉన్నారని కుటుంబం చెప్పింది. ఐదుగురు పిల్లల్ని కన్నారు. ఆ ఐదుగురూ ఆమె కళ్లముందే పోయారు. మీడియా మాత్రం ఎప్పట్లాగే ఆయుష్షు రహస్యం ఏంటనే అడిగింది. బాగా తినడం, హాయిగా నిద్రపోవడం అని జవాబొచ్చింది.

అసలు ప్రశ్న అది కాదు. విప్లవం గుర్తుంటే వయసు రుజువైనట్టేనా? 1897లో పుట్టినవాళ్లకూ అది గుర్తుంటుంది కదా. ఇక్కడే ఓ ఆసక్తికరమైన విషయం ఉంది. ఆమె చనిపోయిన రోజున ప్రపంచంలో అత్యంత వృద్ధురాలిగా గుర్తింపు ఉన్నది జపాన్‌కు చెందిన మిసావో ఒకావాకి. ఆమె 1898 మార్చిలో పుట్టారు. లియాండ్రా లెక్కలోంచి ఏకంగా పదేళ్లు కోసేసినా ఒకావా కంటే కొన్ని నెలలు పెద్దే! అయినా కాగితం లేకపోతే ఆ పోలికకే చోటు లేదు.

ఇంత పట్టుదల దేనికంటే, కాగితాలు కూడా మోసం చేస్తాయి కాబట్టి. 2010లో జపాన్ అధికారులు తనిఖీ చేస్తే, రికార్డుల్లో వందేళ్లు దాటిన 2 లక్షల 30 వేల మందికి పైగా ఆచూకీ దొరకలేదు. 111 ఏళ్లవాడనుకున్న ఓ టోక్యో వృద్ధుడు 30 ఏళ్ల కిందటే చనిపోయాడని తేలింది. అమెరికా రాష్ట్రాల్లో బర్త్ సర్టిఫికెట్లు మొదలయ్యాక 110 దాటినవారి సంఖ్య భారీగా పడిపోయిందని సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు లెక్కగట్టారు. 2024లో ఆయనకు ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి అనుమానం తప్పు కాదు. కాకపోతే ఆ అనుమానం బరువంతా పడేది నిరుపేద పల్లెల్లో పుట్టి, ఊళ్లు మారుతూ బతికినవాళ్ల మీదే.

పోనీ కాగితం ఉంటే చాలా? అదీ లేదు. అదే హలిస్కోలో, 2017లో 116 ఏళ్ల మరో బామ్మకు వృద్ధాప్య సాయం కింద నెలకు 1,200 పెసోలు రావాల్సి ఉంది. ఆ డబ్బు బ్యాంకు కార్డులోనే వేస్తామన్నారు. తీరా చూస్తే బ్యాంకు లెక్కలో వయసు పరిమితి 110 ఏళ్లే! దాంతో కార్డు ఇవ్వలేదు, నెలల తరబడి డబ్బూ అందలేదు. విషయం పేపర్లకెక్కాక ప్రభుత్వ అధికారులు చెక్కు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లారు.