సోమవారపు క్రైస్తవము

ఒంగోలు క్రైస్తవ సంఘమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఒక లెక్క చెప్పుట పరిపాటియైనది. 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ నీటిలో, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఘమువారు ఈ యంకెను గర్వముతో స్మరింతురు. వెలుపలివారు అదే యంకెను జూపి, గంజికొఱకు కలిసినవారని పెదవి విఱుతురు. ఉభయులును పొరపడుచున్నారని మా యభిప్రాయము. మతమును తలల లెక్కతో గొలుచువానికిని, ఆ లెక్కను వెక్కిరించువానికిని చేతనున్న కొలకఱ్ఱ యొక్కటియే.

ముందుగా వెక్కిరించువారికి సమాధానము. 1876-78 నాటి ధాత కఱవులో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు జెందిన జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. ఆ కాలమున, ఏడాదికి పైగా, అతడు ఎవ్వరికిని బాప్తిస్మమీయలేదు. కూటికై మతము పుచ్చుకొనిరను నింద వచ్చునని యెఱిగియే యట్లు చేసెను. పంచిపెట్టుటకు సహాయధనము మిగులకుండ బోయిన పిమ్మటనే ఆ జనము నదిలో దిగినది. అయినను, ఆకలినాడు ఆదుకొన్న చేతిని నమ్ముట నేరమా? గాదెలలో ధాన్యముండియు తలుపులు తీయనివారి సంతతికి ఈ పరిహాసము తగునా?

ఇక సంఘమువారితో మాట. మీ సంఘము 2,222 మందితో మొదలు కాలేదు. 1867 జనవరి 1వ తేదీన ఎనమండ్రుగురు సభ్యులతో మొదలైనది. అంతకుముందే, 1866లో, తోళ్ల వర్తకముతో జీవించిన యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద ఈ మతమున జేరి, తనవారిలో దానిని బోధింపసాగెను. ఆనాటి నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పట్టణవాసులకివి స్వల్పముగా దోచవచ్చును. పల్లెలోనో, మాదిగవాడు జాతరలో డప్పు కొట్టనన్న నాడు గ్రామమంతయు వానిపై లేచెడిది. పని మాన్పించిరి, దారులు మూసిరి, లేనిపోని నేరములు మోపిరి. ఆనాటి యాదివారమునకు వెల యుండెను. ఆ వెలను కూలిగింజలలో చెల్లించిరి.

నేడు ఆదివారమునకు వెల లేదు. తెల్లని బట్టలు కట్టి దేవళమునకు బోవుటను ఎవ్వరును అడ్డగింపరు. ఆ వెల సోమవారమునకు మాఱినది. మిఱప కోతకు వచ్చిన కూలికి ఒప్పిన కూలి ఇచ్చితివా? ప్రత్తి తూచునప్పుడు నీ కాటా రైతు పక్షమున నున్నదా, నీ పక్షమున నున్నదా? కచేరీలో దరఖాస్తుపై చేవ్రాలు చేయుటకు చేయి చాచితివా? నీ కుమారునికి సంబంధము వెదకునాడు ముందుగా నడిగినది భక్తినా, కులమునా? ఈ ప్రశ్నలకు పాటలును ప్రసంగములును ప్రత్యుత్తరములు కావు.

కులము మాట వచ్చినది గనుక దాచకుండ చెప్పుదము. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని పైకులములవారు ఒంగోలులో షరతు పెట్టినప్పుడు, క్లౌ దంపతులు వేర్వేరుగా బైబిలు తెఱచి, అల్పులను దేవుడెన్నుకొనెనని చెప్పు కొరింథీ పత్రిక భాగమునే చూచిరని ప్రసిద్ధి. వారు మాదిగలను విడువలేదు. పైకులములవారే విడిచి పోయిరి. అట్టి పునాదిపై నిలిచిన తెలుగు క్రైస్తవములో నేడు మాల సంఘము, మాదిగ సంఘము, పైకులపు సంఘము అను మాటలు వినబడుట సిగ్గుచేటు కాదా? 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ హక్కు విస్తరించినది, క్రైస్తవులకు విస్తరింపలేదు. మతము మాఱినను కులపు బాధ తీఱలేదని వారు చేయు వాదము న్యాయమైనదే. కాని ఆ బాధను దేవళపు గడప దాటించి లోనికి దెచ్చినదెవరో కూడ వారు విచారింపవలెను.

హిందూ సోదరులు దీనిని జదివి సంతోషింప బనిలేదు. 1985 జూలై 17న చీరాల చెంతనున్న కారంచేడులో, త్రాగునీటి చెరువుకడ మొదలైన తగవు ఆఱుగురు మాదిగల ప్రాణములను బలిగొన్నది. ఆ నీరు ఏ మతపు గౌరవమును నిలిపినది?

గుండ్లకమ్మలో మునుగుటకు ఒక్క క్షణము చాలును. ఊరి చెరువుకడ, కాటాకడ, కల్యాణపు పందిటిలో ఆ విశ్వాసమును నిలుపుటకు జీవితమంతయు కావలెను. 2,222 అను సంఖ్యను ఇక కొంతకాలము పక్కన బెట్టుడు. డప్పు కొట్టననిన ఆ యొక్క మాదిగవానిని తలచుకొనుడు. అతడు చెల్లించిన వెలలో మనము చెల్లింపగలిగినదెంతయో, రాబోవు సోమవారమున లెక్క చూచుకొనుడు.