పెదబయలు నుంచి – 11: ఏ ఓటీటీ తీసుకోవాలి మేడం?



మొన్న క్లాసు అయ్యాక ముగ్గురు పిల్లలు నా టేబుల్ దగ్గర ఆగిపోయారు. పాఠంలో ఏదో అనుమానం అనుకున్నాను. కాదు. "మేడం, ముగ్గురం కలిసి డబ్బులేసుకుని ఓటీటీ తీసుకుందామనుకుంటన్నాం. నెట్‌ఫ్లిక్సా, ప్రైమా, హాట్‌స్టారా? ఏది తీసుకుంటే మన డబ్బులకి న్యాయం అవుతాది?" అని అడిగారు. ముగ్గురూ ఒకే ఊరి పిల్లలు. ముగ్గురి ఇళ్లలోనూ కాఫీ, పసుపు, రాజ్మా తప్ప వేరే రాబడి లేదు.

"రేపు చెప్తాను" అన్నాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. సినిమాలో కులం గురించి ఆపకుండా రెండు గంటలు మాట్లాడగలను. కానీ ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ లెక్కే ఈ వారం వ్యాసం.

ముందు రూపాయల లెక్క చూద్దాం. నెట్‌ఫ్లిక్స్‌లో అన్నిటికంటే చౌక ప్లాను 149 రూపాయలు, ఒక్క నెలకి. ఒకే ఒక్క ఫోనులో, తక్కువ క్వాలిటీలో చూడాలి. టీవీలో మంచి బొమ్మ కావాలంటే 499. ప్రైమ్ నెలకి 299, ఏడాదికి 1,499. పైగా 2025 జూన్ నుంచి అందులో యాడ్లు వస్తున్నాయి. యాడ్లు వద్దంటే నెలకి ఇంకో 129 కట్టాలి. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయినప్పుడు ఫోను ప్లాను మూడు నెలలకి 149, ఏడాదికి 499 పెట్టారు, యాడ్లతో సహా. యూట్యూబులో ఓటీటీలను పోల్చి చెప్పే అన్నలు ఇక్కడితో ఆగిపోతారు. "హాట్‌స్టార్ చీప్, ప్రైమ్ వాల్యూ ఫర్ మనీ, నెట్‌ఫ్లిక్స్ కాస్ట్లీ. లైక్ చేయండి, షేర్ చేయండి."

మన లెక్క అక్కడే మొదలవుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. అంటే ప్రైమ్ ఏడాది చందా ఒక మనిషి ఐదు రోజుల మట్టిపని. నెట్‌ఫ్లిక్స్ చౌక ప్లాను ఏడాదికి 1,788 అవుతుంది, అది దాదాపు ఆరు రోజుల పని. ఇంతకంటే పెద్ద ఖర్చు ఇంకొకటుంది, దాన్ని ఎవరూ చందా అనరు. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే 299 రూపాయల రీచార్జి 28 రోజులకే అయిపోతుంది. క్యాలెండర్లో నెలలు పన్నెండే ఉన్నా ఫోనుకి పదమూడు. పదమూడు రీచార్జులకి 3,887 రూపాయలు. పదమూడు రోజుల కూలి. ఓటీటీ కొనడానికి ముందు సిగ్నల్ కొనాలి, సిగ్నల్ కొన్నాక అది దొరికే గుట్ట ఎక్కాలి. నగరంలో "149 ఎంతండీ, ఒక కాఫీ ఖర్చు" అంటారు. నిజమే. కాఫీ తాగేవాళ్లకి అది కాఫీ ఖర్చు. కాఫీ పళ్లు కోసేవాళ్లకి సగం రోజు.

ఇప్పుడు రెండో లెక్క. ఇంత కట్టి మనం చూసేది ఏమిటి?

"ఇది చిన్న విషయం మేడం, భూములు పోతుంటే, జీవో 3 పోయి టీచర్ ఉద్యోగాలు పోతుంటే ఓటీటీల గురించి రాస్తారా?" అని ఉద్యమ మిత్రులు అంటారని తెలుసు. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో జీవో 3 కొట్టేసిన రోజు పట్నాల్లో ఎంతమంది బాధపడ్డారు? ఏజెన్సీ అంటే ఏమిటో తెలియనివాళ్లు ఎలా బాధపడతారు? వాళ్లకి ఏజెన్సీ అంటే సినిమాలో చూసిందే. ఆ సినిమా మన మీద ఓటు వేస్తుంది, తీర్పు చెప్తుంది, మన పిల్లల్ని హాస్టల్ గదిలో ర్యాగింగ్ చేస్తుంది. అందుకే ఇది చిన్న విషయం కాదు.

ఉదాహరణ చెప్తాను. 2025 సెప్టెంబరులో 'ఘాటి' వచ్చింది. అదే నెలలో ప్రైమ్‌లోకి వచ్చింది. మన తూర్పు కనుమల కథ, గంజాయి మోసే మనుషుల కథ. మోయించే పెద్దమనుషులే అందులో విలన్లు, కాదనను. కానీ హీరోయిన్ పేరు శీలావతి. ఈ కొండల్లో శీలావతి అంటే ఏమిటో పోలీసుని అడగండి, విలేకరిని అడగండి. గంజాయి రకం పేరు. కొండ ఆడబిడ్డకి ఆ పేరు పెట్టారు. నా దగ్గర చదివి విశాఖలో డిగ్రీలో చేరిన ఒక అబ్బాయి మొన్న సెలవులకి వచ్చి చెప్పాడు. "ఏ ఊరు" అంటే "పెదబయలు" అన్నాడట. గదిలో నలుగురూ ఒకర్నొకరు చూసుకుని నవ్వారట. "ఏం తెచ్చావ్ రా బ్యాగులో?" వాడు తెచ్చింది అమ్మ కట్టిచ్చిన రాజ్మా. అప్పట్నుంచి వాడు పాడేరు అని చెప్తున్నాడు, ఒక్కోసారి విశాఖే అని చెప్తున్నాడు. ఊరి పేరు చెప్పుకోలేని బతుకు ఎలా ఉంటుందో వాడకట్టులో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ బాధ ఖరీదు ఏ ప్లానులో ఉంది?

'ఆర్ఆర్ఆర్' సంగతి చూడండి. తెలుగులో జీ5లో ఉంది, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ప్రపంచమంతా నాటు నాటు అని గంతులేసింది. చివరికి భీమ్‌ని ఏం కావాలో కోరుకోమంటే చదువు కావాలంటాడు. జల్ జంగల్ జమీన్ నినాదంతో గోండులు గుండెలో దాచుకున్న కొమురం భీమ్, అగ్రకుల హీరో ముందు అక్షరాల కోసం చేయి చాపుతాడు. మరి మన మన్యం? 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకుపోయిన పోరాటానికి మూలం పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలు, గూడెం రోడ్డు పనిలో బాస్టియన్ చేయించిన వెట్టి. ఆ సినిమాలో పోడు ఏది? వెట్టి ఏది? గాం గంటందొర ఏడి? గాం మల్లుదొర ఏడి? ఆ మల్లుదొర జైలు నుంచి బతికి వచ్చి 1952లో లోక్‌సభకి వెళ్లాడని మన క్లాసులో ఎంతమందికి తెలుసు? మన జిల్లాకి 2022లో అల్లూరి పేరు పెట్టారు, సంతోషం. ఆయన వెనక నడిచిన కొండ మనుషులు జిల్లా పేరులోనూ లేరు, సినిమాలోనూ లేరు.

తెలుగువాళ్ల సొంత ఓటీటీ అంటూ 2020లో ఆహా వచ్చింది. అల్లు అరవింద్, మై హోమ్ గ్రూపు కలిసి పెట్టారు. ఈటీవీ విన్ రామోజీ గ్రూపుది. సినిమా తీసే చెయ్యి, టీవీ నడిపే చెయ్యి, ఇప్పుడు ఫోనులో చూపించే చెయ్యి. చేతులు మారలేదు, తెర సైజు మారింది. ఆహాలోనే నేరుగా విడుదలైన 'కలర్ ఫోటో'కి జాతీయ అవార్డు వచ్చింది. నేనూ చూసి ఏడ్చాను. కానీ అబ్బాయి నల్లగా ఉన్నాడు కాబట్టి చంపారన్నట్టు కథంతా రంగు మీద నడుస్తుంది. నల్లగా ఉన్నందుకు మన నేల మీద ప్రేమికుల్ని చంపరు. దేనికి చంపుతారో మిర్యాలగూడ ప్రణయ్‌ని అడగండి, 2018లో. అదే ఆహాలో 'లవ్ స్టోరీ' ఉంది. అందులో శేఖర్ కమ్ముల కులం మాటని నమలకుండా అన్నారు. చెప్పాల్సిన మంచి కూడా చెప్పాలి. 'పలాస 1978' థియేటర్లోకి వచ్చిన రెండు వారాలకే లాక్‌డౌన్ పడింది. కరుణ కుమార్ తీసిన ఆ సినిమాని నాలాంటివాళ్లం ఫోనుల్లోనే చూశాం. ఓటీటీ లేకపోతే అది మన దాకా వచ్చేదే కాదు. కాబట్టి ఓటీటీ అంటేనే దండగ అని నేను అనడం లేదు.

మనకి గింజలు దొరికేది ఎక్కువగా పక్క రాష్ట్రం గాదెలో. ప్రైమ్‌లో పా. రంజిత్ 'సార్పట్ట పరంబరై' ఉంది, తెలుగులోనే వినొచ్చు. మారి సెల్వరాజ్ 'పరియేరుమ్ పెరుమాళ్', 'కర్ణన్' ఉన్నాయి. నీరజ్ ఘేవాన్ తీసిన 'మేడ్ ఇన్ హెవెన్' రెండో సీజన్ ఐదో భాగంలో ఒక దళిత అమ్మాయి తలెత్తుకుని బౌద్ధ పద్ధతిలో పెళ్లి చేసుకుంటుంది. ఆయనదే 'హోమ్‌బౌండ్' నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. పోలీసు ఉద్యోగం పరీక్ష రాసే ఇద్దరు స్నేహితులు, ఒకడు దళితుడు, ఒకడు ముస్లిం. గ్రూప్స్‌కి చదివే ప్రతి పిల్లాడూ చూడాలి. 'కర్ణన్'లో ఊరి దగ్గర బస్సు ఆగదు, అందుకే గొడవ. దాని గురించి క్లాసులో చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "మా ఊరికి బస్సే రాదు మేడం, మా వదినని డోలీలోనే తెచ్చారు" అంది. నేను బోర్డు వైపు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డాను.

'జై భీమ్' దగ్గరికి వద్దాం. 2021 నవంబరు, ప్రైమ్. ఇరులర్ల మీద పోలీసుల హింస. అందులో ఒక దృశ్యంలో గోడ క్యాలెండర్ మీద తమ కుల చిహ్నం ఉందని వన్నియార్ సంఘం ఐదు కోట్ల నష్టపరిహారం అడిగింది. క్యాలెండర్ మార్చేశారు. 2024 జనవరిలో హిందూ సంస్థలు ఫిర్యాదు చేస్తే నెట్‌ఫ్లిక్స్ 'అన్నపూరణి' సినిమానే తీసేసింది. అంటే ఓటీటీవాళ్లకి చెవులు ఉన్నాయి. ఎవరి గాయం వినాలో కూడా తెలుసు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి ఓటీటీకీ ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. మనలో ఎంతమందిమి ఎప్పుడైనా ఒక్క ఫిర్యాదు రాశాం? చందా కట్టినవాడు అడగొచ్చు. అడగకపోతే మనం కట్టేది చందా కాదు, కప్పం.

ఇక్కడ ఒక మాట నా మీద నేనే చెప్పుకోవాలి. 'జై భీమ్' గురించి నేను ఊగిపోతూ చెప్పిన రోజు, ఎప్పుడూ నోరు విప్పని కోందు అబ్బాయి ఒకడు లేచాడు. "మేడం, అందులో లాయర్ గెలిచాడు. మనోళ్లు ఏడ్చారు" అని కూర్చున్నాడు. వాడి మాటలో తప్పేముంది? సెంగేణి ఎంత గట్టిగా నిలబడినా పోస్టరు మీద పెద్ద బొమ్మ లాయరుదే. ఆ తర్వాత వాడే మెల్లగా, "మీరు కూడా మా గురించి ఫేస్‌బుక్‌లో రాస్తారంట కదా మేడం?" అన్నాడు. నేను దళిత మహిళని, నా గాయం నాకుంది. కానీ పెదబయల్లో నేను మైదానం నుంచి వచ్చిన మనిషిని. వాళ్ల కథ చెప్పి లైకులు తెచ్చుకునే హక్కు నాకు పుట్టుకతో రాలేదు. అప్పట్నుంచి పిల్లల మాట రాసే ముందు వాళ్లని అడుగుతున్నాను. ఈ వ్యాసంలోవీ అడిగి రాసినవే.

"మరి పైరసీ చూసుకోవచ్చు కదా" అంటారు కొందరు. 2025 నవంబరులో ఐబొమ్మ నడిపినవాణ్ని పట్టుకున్నప్పుడు సినిమావాళ్లు దొంగతనం, దొంగతనం అని గుండెలు బాదుకున్నారు. దొంగతనమే. నేను మా పిల్లలకి అది నేర్పను. కష్టపడి సినిమా తీసిన కరుణ కుమార్‌లకీ, మారి సెల్వరాజ్‌లకీ కూడా దానివల్ల దెబ్బే. కానీ ఊళ్లకి ఊళ్ల కథలు, పేర్లు, పాటలు, థింసా అడుగులు అడక్కుండా పట్టుకుపోయి అమ్ముకున్నదాన్ని ఏమనాలో కూడా అదే నోటితో చెప్పండి.

మర్నాడు పిల్లలకి నేను చెప్పిన జవాబు ఇది. మీ ఊళ్లలో కూడా పనికొస్తుందేమో చూడండి.

ఏడాది ప్లాను కొనొద్దు. అదొక గుంజ, కట్టేస్తుంది. ఒక నెల ఒకటే. ఈ నెల ప్రైమ్: 'సార్పట్ట', 'పరియేరుమ్ పెరుమాళ్', 'కర్ణన్', చివరికి 'ఘాటి'. చూడకుండా తిట్టకూడదు కాబట్టి 'ఘాటి'. తర్వాత ఆపేయండి. పరీక్షలయ్యాక ఒక నెల నెట్‌ఫ్లిక్స్: 'హోమ్‌బౌండ్', కోలారు బంగారు గనుల మీద రంజిత్ తీసిన 'తంగలాన్'. రెండు నెలలకి 448 రూపాయలు, ముగ్గురికి పంచితే తలా నూట యాభై. మిగతా పది నెలలూ డబ్బు కట్టక్కర్లేనివి ఉన్నాయి. పాకీ పని మీద దివ్యభారతి తీసిన 'కక్కూస్' యూట్యూబులో ఉంది. అంబేడ్కర్ ఇంగ్లీషు రచనల సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా చదువుకోవచ్చు. చూసిన ప్రతి సినిమాకీ ఒక పేజీ రాయాలి. మూడు ప్రశ్నలు: ఇందులో మనవాళ్లు ఏం పని చేస్తున్నారు? వాళ్ల తరఫున ఎవరు మాట్లాడుతున్నారు? చివరికి ఎవరు గెలిచారు?

ఇంకొకటి అడిగాను. "కువిలో సినిమా ఏ ఓటీటీలోనైనా ఉందేమో వెతకండి." వెతికారు. నేనూ వెతికాను. కువి, పోర్జా, గదబ, ఏ మాటతో వెతికినా మాకు ఏమీ దొరకలేదు. వేల గంటల సరుకు ఉన్న దుకాణంలో వాళ్ల అమ్మ మాట్లాడే మాట ఒక్కటి లేదు.

ఆ అమ్మాయి, డోలీ సంగతి చెప్పిన అమ్మాయి, "అయితే మేమే తీస్తాం మేడం" అంది. ఫోను ఉంది. వదిన ఒప్పుకుంది. డోలీ మోసిన నలుగురూ ఊళ్లోనే ఉన్నారు. ఐదు నిమిషాల సినిమా, కువిలోనే. నన్ను అందులో ఉండొద్దన్నారు. కింద తెలుగు మాటలు రాసిపెట్టే పని మాత్రం నాకిచ్చారు.

ఈ ఏడాది నేను కట్టబోయే మొదటి చందా దానికే.

జై భీమ్.